అప్పగింతల దగ్గర తగ్గించిన గొంతు

చిట్టమూరు,
జనవరి 28.

పూజ్యులైన అత్తమ్మకు కోడలు ఉషారాణి నమస్కరించి రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ మామయ్య, మీ అబ్బాయి, నేను క్షేమం. గేదె కూడా క్షేమమే. పోయిన ఉత్తరంలో మా ముగ్గురికంటే ముందు దాన్నే అడిగారు కాబట్టి దాని సంగతి కూడా పైనే రాస్తున్నాను. దొరవారిసత్రంలో సాయిలక్ష్మి, చంటిది, పెద్దవాడు, అల్లుడుగారు అందరూ బాగున్నారని తలుస్తాను. కాన్పు అయిన నలభై రోజులకే సాయిలక్ష్మి బావి దగ్గర బట్టలు ఉతుకుతోందని రాశారు. మీరు గట్టిగా చెప్పండి, వదిన కూడా కోప్పడిందని చెప్పండి.

మీ ఉత్తరం ఎరువుల వ్యాను కిషోర్ బాబు తెచ్చి ఇచ్చాడు. మామయ్య నాచేత రెండుసార్లు చదివించుకున్నారు. సూళ్లూరుపేట క్యాంపులో మీకు చెవి మిషన్ ఇచ్చారన్న ముక్క దగ్గర మూడోసారి కూడా చదవమన్నారు. చంటిదాని ఏడుపు ఇంత సన్నగా ఉంటుందని తెలియదని, నేలపట్టు పక్షులు ఇంత రచ్చ చేస్తాయని మర్చిపోయానని రాశారే, ఆ ముక్క నాకోసం నేను ఇంకోసారి చదువుకున్నాను. ఆ వెంటనే, వియ్యపురాలు కామాక్షమ్మగారు మాట్లాడటం మొదలుపెడితే మిషన్ చక్రం తగ్గించుకుంటున్నానని రాశారు. మామయ్య దగ్గు వచ్చేదాకా నవ్వారు. "పదేండ్లుగా నోటికొచ్చినట్టు గొణుక్కుంటా ఉంటిని. ఇంక ఆ సుఖం పోయినట్టే" అన్నారు.

మీరు అడిగినవాటికి జవాబులు. పైరు పొట్ట మీద ఉంది, నీళ్లకు ఇబ్బంది లేదు. నిమ్మకాయ ఊరగాయ జాడీకి గుడ్డ కట్టావా అన్నారు. ముందే కట్టానని రాయొచ్చు గానీ, మీ ఉత్తరం చదివాక లేచి వెళ్లి కట్టాను. ఈ ఉత్తరంలో ఒక్క అబద్ధం కూడా ఉండకూడదని అనుకున్నాను. ఎందుకో కింద తెలుస్తుంది.

"రోజంతా ఆ కంప్యూటరు ముందర కూచోని ఏం చేస్తావు పాపా? వాళ్లు తీసినారు, బొమ్మొచ్చింది. ఇంక నీకేం పని?" అని అడిగారు. చెబుతాను. వాళ్లు తీసిన పెళ్లి వీడియోలను కత్తిరించి అతికి, శబ్దం సరిచెయ్యడం నా పని. తెర మీద పైన బొమ్మల పట్టీ ఉంటుంది, దాని కింద శబ్దాల పట్టీలు ఉంటాయి. గొంతు పెద్దదైన చోట ఆ పట్టీలో గీతలు లేస్తాయి, మెత్తబడిన చోట అణుగుతాయి. పట్టీ మీద అడ్డంగా ఒక సన్నని గీత ఉంటుంది. దాన్ని మౌస్‌తో పట్టుకుని పైకి లాగితే శబ్దం పెరుగుతుంది, కిందికి లాగితే తగ్గుతుంది. మరీ పైకి లాగితే పక్కనున్న కొలత ఎర్రబడుతుంది, అప్పుడు ఎంత మంచి గొంతైనా గరగరమంటుంది. ఒక్కచోటే తగ్గించాలంటే ఆ గీత మీద చుక్కలు పెట్టుకుని, వాటి మధ్య భాగాన్ని మాత్రమే దించాలి. మంత్రాలు వినబడాల్సిన చోట మేళాన్ని ఇలాగే కాస్త అణుస్తాం. ఇంకో సంగతి. మా లెక్కలో సున్నా అంటే శబ్దం లేకపోవడం కాదు. రికార్డయిన గొంతు ఎంత ఉందో అంతే, కలపకుండా తియ్యకుండా వినిపించే చోటును సున్నా అంటాం. మీ అబ్బాయికి నాలుగుసార్లు చెప్పినా బుర్రకెక్కలేదు. మీకు ఎక్కుతుందని నా నమ్మకం.

ఇక చివరన మీరు అడిగింది. "సాయమ్మ పెండ్లి వీడియో పంపు. అప్పగింతల కాడ నేను పాడిన పాట నా చెవుల్తో నేను వినాల."

పైనదంతా ఎందుకు సాగదీశానో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. అత్తమ్మా, ఆ వీడియోలో మీ పాట లేదు. మీ బొమ్మ ఉంది, మీ పెదవులు కదులుతాయి, వినబడేది మాత్రం షెహనాయి రికార్డు. ఐదేళ్లుగా అంతే. ఆ పని చేసింది నేను.

ఆ రోజు మీరు పాలలో ముంచిన సాయిలక్ష్మి చేతిని కామాక్షమ్మగారి చేతిలో పెట్టి పాట ఎత్తుకున్నారు. సన్నాయి ఆయన తన మైకు మీ ముందు పెట్టాడు. మీ గొంతు మీకు వినబడదు కదా, చాలా గట్టిగా ఎత్తుకున్నారు. సన్నాయిది ఒక దారి, మీది ఒక దారి. సౌండు బాక్సుల దగ్గర కూర్చున్న మగపిల్లలు నవ్వారు. వెంకటాచలం నుంచి వచ్చిన మా పిన్ని ఆదిశేషమ్మ నా పక్కన చేరి, "ఏమ్మే, మీ అత్త పాడతా ఉండాదా, దండోరా ఏస్తా ఉండాదా?" అని భుజం తట్టింది. నేను కూడా నవ్వాను. నవ్విన మరుక్షణం సిగ్గేసింది, కానీ నవ్విన మాట నిజం. నేను ఈ ఇంటికి వచ్చి అప్పటికి ఏడాది. మావాళ్ల ముందు తల తీసేసినట్టయిందని అనుకుని వడ్డన చూసే వంకతో భోజనాల వరుసల్లోకి వెళ్లిపోయాను. మీ పాట రెండు పాదాలకు మించి వినలేదు.

అప్పుడు నేను నాయుడుపేటలో మధుబాబుగారి స్టూడియోలో పని నేర్చుకుంటున్నాను. ఆ పెళ్లి వీడియో నా చేతికే వచ్చింది. "అప్పగింతల కాడ ఒరిజినల్ సౌండు ఎవురు వింటారమ్మా? షెహనాయి పెట్టెయ్" అన్నారాయన. అందరి పెళ్లిళ్లకూ అదే చేస్తాం, ఆయన తప్పేం లేదు. అమ్మలు పాడిన పాటలు ఎన్నింటిమీద ఆ ఒక్క షెహనాయే పరిచానో! మీ పట్టీ మీద గీతను అడుగంటా లాగేసింది మాత్రం ఆయన చెప్పినందుకు కాదు. అది విని మళ్లీ ఎవరైనా నవ్వుతారని, ఆ నవ్వు నాకు తగులుతుందని.

మొదటిసారి ఇంట్లో వీడియో పెట్టిన రోజు మీరు టీవీకి మూరెడు దూరంలో కూర్చున్నారు. తెర మీద మీ పెదవులు కదలగానే కొంగుతో కళ్లు ఒత్తుకున్నారు. నా వైపు తిరిగి, "బాగా వినపడతా ఉండాదా పాపా?" అన్నారు. చాలా బాగా అని చేత్తో చూపించాను. మామయ్య నన్ను ఒకసారి చూసి లేచి వెళ్లిపోయారు. ఆ తర్వాత ఎవరు వచ్చినా మీరు ఆ వీడియో పెట్టించేవాళ్లు, అదే మాట అడిగేవాళ్లు, నేను అలాగే చెయ్యి ఊపేదాన్ని. వచ్చినవాళ్లు మీ ముఖం చూసి వాళ్లూ తలలు ఊపేవాళ్లు. మీ పాట ఏదని సాయిలక్ష్మి ఫోన్లో అడిగితే మైకులో సరిగా పడలేదన్నాను. "అమ్మకు మాత్రం చెప్పబాక వదినా" అంది. ఆ పిల్లను మీరేమీ అనకండి.

నిన్న పొద్దున మీ ఉత్తరం పక్కన పెట్టుకుని పాత హార్డ్ డిస్కు తీశాను. తగిలించి అది తెరుచుకునేదాకా నా ప్రాణం నా దగ్గర లేదు. పట్టీ ఉంది అత్తమ్మా. తగ్గించానే గానీ తీసెయ్యలేదు, అంతవరకు దేవుడు నా చేతిని ఆపాడు. షెహనాయి మూసేశాను. అడుగునున్న మీ గీతను పట్టుకుని మెల్లగా సున్నా దాకా తెచ్చాను.

ముందు పిల్లల నవ్వు వినిపించింది. కంచాల చప్పుడు, ఎవరో సాంబారు కోసం కేకెయ్యడం. దానిమీద మీ గొంతు. రెండో చరణానికి నవ్వు ఆగిపోయింది. "కోపమొస్తే మా సాయమ్మ కూడు మానేను వదినా, గడియసేపు చూసి మీరు గారంగా పిలవండి" అని మీరు కామాక్షమ్మగారికి చెప్పుకున్నచోట కంచాలు కూడా ఆగాయి. జనరేటరు, మీ గొంతు, ఆ రెండే మిగిలాయి. నవ్వినవాళ్లంతా తర్వాత నోరు మూసుకుని విన్నారన్నమాట. నేను తప్ప. నేను అప్పటికే అప్పడాలు వడ్డిస్తున్నాను.

చివరి చరణం ఇలా ఉంది. మీకు తెలిసిందే అయినా రాస్తాను, నేను విన్నానని మీకు తెలియాలి కదా.

"ఒక్క బిడ్డను పంపినానని వగచి ఏడవను లెండి, ఉష మా ఇంట ఉండాది, నాకు ఊరట లెండి."

మౌస్ వదిలేశాను. మామయ్య పొలం నుంచి వచ్చి, గేదెకు నీళ్లు పెట్టి, ఎప్పుడు నిలబడ్డారో, గుమ్మంలో ఉన్నారు. "ఆ ముక్క నీ కోసరమే కట్టింది. రెండు దినాలు గొడ్ల చావిట్లో గొణుక్కుంటా కట్టింది" అన్నారు. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు మామయ్యా అన్నాను. "నువ్వు ఇన్నావనుకున్నా. ఇనే మూసేసినావనుకున్నా" అన్నారు. ఐదేళ్లు అలా అనుకుంటూ కూడా ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. నేను ఏడ్చాను. ఆయన గేదెకు నీళ్లు పెట్టాలని వెళ్లిపోయారు, అప్పుడే పెట్టి వచ్చారని ఇద్దరికీ తెలుసు.

తర్వాత కూర్చుని పని పూర్తి చేశాను. ముందు ఆ నవ్వుకు రెండు వైపులా చుక్కలు పెట్టి దాన్ని దించాను. మళ్లీ విన్నాను. నవ్వు లేకపోతే అది ఆగిపోయిన సంగతి కూడా తెలియడం లేదు. అందుకని చుక్కలు తీసేశాను. మీకు బాధ కలిగితే నన్ను క్షమించండి, చరణం చివరిదాకా వింటే ఆ బాధ ఉండదని నా ఆశ. మీ గొంతు పెంచలేదు, తగ్గించలేదు, సున్నా దగ్గరే ఉంచాను.

ఈ పెన్ డ్రైవ్ పంపి ఊరుకుంటే మీకు ఏ రోజూ తెలిసేది కాదు. మీ అబ్బాయి కూడా అదే అన్నాడు, "పాట వచ్చింది గదా, ఇంక చెప్పేదానికి ఏముండాది?" అని. కానీ ఊరట అని మీరు నాకు పేరు పెట్టారు. అబద్ధం ఆడి ఆ పేరు ఉంచుకోలేను.

ఈ ఉత్తరంతో పాటు పెన్ డ్రైవ్ కూడా కిషోర్ బాబుకే ఇస్తున్నాను. అల్లుడుగారు టీవీకి తగిలిస్తారు. సాయిలక్ష్మిని, చంటిదాన్ని పక్కన కూర్చోబెట్టుకుని, మిషన్ చక్రం బాగా పెంచుకుని వినండి. కామాక్షమ్మగారిని కూడా పిలవండి, సాయిలక్ష్మి చేతిని ఆవిడ చేతిలో పెట్టి పాడిన పాట కదా. అయ్యాక ఉత్తరం రాయకండి, ఫోన్ చెయ్యండి. పదేళ్లుగా మీరు ముట్టని ఫోన్, ఇప్పుడు మీకు వినబడుతుంది. ఎంత గట్టిగా తిట్టాలంటే అంత గట్టిగా తిట్టండి. ఈసారి చివరిదాకా వింటాను.

ఇట్లు,
మీ ఇంట ఉన్న కోడలు
ఉష