నలభై రోజుల తీర్పు

ఏవండీ,

అన్నం గిన్నెలో ఉంది, కూర వేడి చేసుకోండి. వరండాలో కుండీ జోలికి మాత్రం వెళ్లకండి.

అవును, అదే కుండీ. నిన్న తమరు "ఇవి చచ్చిపోయాయి" అని తీర్పు చెప్పి చెత్తబుట్టలో పారబోసిన పామ్ చెట్టు గింజల్నే ఏరి మళ్లీ పాతాను. అవి మొలవడానికి మూడు నెలలు పడుతుంది, ఒక్కోసారి ఆరు నెలలు కూడా. పదేళ్లుగా నర్సరీలో పనిచేస్తున్న నేను చెబితే చెవికెక్కదు. నలభై రోజులకే తమరికి అంతా తెలిసిపోయింది. రోజు విడిచి రోజు చెంచాతో తవ్వి చూస్తుంటే ఏ గింజ మాత్రం మొలుస్తుంది? ముందు వేరు కిందికి దిగుతుంది మహానుభావా, ఆకు ఆ తర్వాత. ఒకదానికి తెల్లగా వేరు వచ్చింది కూడా. తమరి చలవ వల్ల అది కాస్తా విరిగింది.

బస్సుకు టైమైంది, వెళ్తున్నా.

ఇంకో మాట. పొద్దున గింజలు ఏరుతూ "ఈ ఘనకార్యం ఎవరిదే?" అని ఊరికే అన్నాను. రెండున్నరేళ్లొచ్చినా నోరు విప్పలేదని మనం డాక్టర్ల చుట్టూ తిప్పుతున్న పాప, నా చంకలోంచి స్పష్టంగా "నాన్న" అంది. అదే మొదటి మాట. మోసేది నేను, పిలిచేది మిమ్మల్ని.

పక్కింటి పిన్నిగారి దగ్గరుంది. వెళ్లి మీ చెవులతో వినండి.