నల్లా దగ్గర షమీమ్ అన్న మాట

రజియా,

నువ్వు పోయి ఈ రోజుకు ఏడాది. నీలాగే రోజూ అల్లాను తలుచుకోవాలని, తెల్లారగట్ల ఫజర్ నమాజు అయ్యాక తస్బీ పట్టుకుని కూర్చుంటున్నాను. నాలుగు పూసలు జరిగేలోపే మనసు సూరారం ఫ్యాక్టరీకి పోయి, సూపర్‌వైజరుతో పోట్లాడి వస్తుంది. నా మీద నాకే విసుగు.

వారం తర్వాత ఈ పొద్దున నల్లా నీళ్ళొచ్చాయి. బిందె పెడుతూ మన బిడ్డ షమీమ్ "అల్హమ్దులిల్లా" అంటూ అల్లాకు కృతజ్ఞత చెప్పుకుంది.

"ఎవరు నేర్పిన్రు బిడ్డా?" అని అడిగాను.

"ఎవరు నేర్పుడేంది నాయినా? నీళ్ళొస్తే అమ్మ గట్లనే అనేది గద."

ఏడాదిగా కూర్చున్నా నాకు రానిది దానికి నిలబడే వచ్చింది. ఉక్రోషంతో రెండో బిందె నేనే పెట్టాను. అది నిండి పొర్లేదాకా ఆ మాట గుర్తే రాలేదు. గుర్తొచ్చాక, కాళ్ళు తడుస్తుండగా, అన్నాను.