గ్రూపులో మర్యాదగా అడిగారు

ఒరేయ్ రాజేషూ,

నువ్వు పోయి నేటికి ఏడాది. చేపల చెరువు గట్టు తగాదాలో నిన్ను వెతికినవాళ్లు ఊరి వాట్సాప్ గ్రూపులో ఎంత మర్యాదగా అడిగారని! "రాజేష్ గారు ఎక్కడున్నారండీ?" మీ బాబాయి అంతే మర్యాదగా, "గుండుగొలను టీకొట్టు దగ్గరండీ" అని పెట్టాడు. వాళ్లు కత్తులతో వచ్చి, బెంచీ మీదే నిన్ను నరికారు. టీ తాగేవరకైనా ఆగలేదు, అదొక్కటే మర్యాద తప్పింది.

బాగోదని వాళ్లనెవరూ గ్రూపులోంచి తీయలేదు. బెయిలు మీద బయటికొచ్చి, సాక్ష్యం చెప్పబోయే నీ తమ్ముడి గురించి ఈ ఉదయం మళ్లీ అడిగారు: "తమ్ముడు గారు ఊళ్లోనేనాండీ?"

మళ్లీ మీ బాబాయే టైప్ చేస్తున్నట్టు కనబడింది.

"విశాఖ వెళ్లిపోయాడండీ" అని పెట్టాడు.

నా పక్కన కూర్చుని ఫోనులోకి తొంగిచూసిన నీ తమ్ముడు, "నేనెప్పుడెళ్లానన్నయ్యా?" అన్నాడు.

"ఇప్పుడే. బట్టలు సర్దు," అన్నాను.