రాని ఆట డబ్బా

తమ్మీ శ్రీనూ,

ఈ రోజు తాండూరులో నీ సంవత్సరీకం చేశాం. వికారాబాద్ నుంచి రైల్లో వస్తూ, ఆ ఆట డబ్బా కంపెనీవాళ్లను తిట్టకుండా నా నోటిని కాపాడమని దేవుణ్ణి వేడుకున్నాను.

మిద్దె మీద నీకు విస్తరి పెడితే కాకి గోడ మీదే కూర్చుంది, ముట్టలేదు.

"ఆయన పానం గా ఆట డబ్బా మీదనే ఉన్నది. వస్తదని చెప్పు వదినా, ముడ్తది" అంది నీ భార్య.

టీవీకి తగిలించి ఆడుకునే ఆ డబ్బాను, జనం దగ్గర ముందే డబ్బు కట్టించుకుని చవకగా తయారుచేసి ఇస్తామన్నారు ఆ కంపెనీవాళ్లు. నువ్వూ కట్టావు. సిమెంటు ఫ్యాక్టరీ నుంచి రాగానే, అది వస్తే ముందు ఎవరు ఆడాలని నీ బిడ్డతో కొట్లాడేవాడివి. వాళ్లు ప్రతిసారీ వచ్చే నెల అన్నారు. నువ్వు ఆస్పత్రి మంచం మీద ఉన్నా అదే మాట. నువ్వు పోయాక కూడా నీ ఫోనుకు అదే వస్తోంది: ఇంకొంచెం ఓపిక పట్టండి.

"ఒక్క మాట చెప్తే నీ నోట్ల ముత్యాలు రాల్తయా అక్కా?" అన్నాడు చిన్న తమ్ముడు.

నాకు ఒళ్లు మండింది. బతికుండగా వాళ్లు నిన్ను నమ్మించింది చాలదా?

"అది రాదు తమ్మీ. జర తిని పో" అన్నాను కాకిని చూస్తూ.

కాకి ఎగిరిపోయింది. అందరూ నన్నే చూశారు. నీకూ నా మీద కోపమొస్తే రానీ. అబద్ధం చెప్పి మాత్రం నీకు అన్నం తినిపించను.

పెద్దక్క