పది అడుగులు

బెజ్జంకి,
ఆగస్టు 11

అక్కా,

భివండిలో నువ్వూ బావా బాగున్నారనుకుంటాను. ఫోన్లో చెబితే నీ మరిది వింటాడని ఉత్తరం రాస్తున్నాను.

తాటిచెట్టు మీది నుంచి పడ్డప్పుడు ఆయనకు ఇచ్చిన వికలాంగుల సర్టిఫికెట్‌కు ఐదేళ్ల గడువు తీరింది. మళ్లీ చూపించడానికి పోయిన నెల, వైకల్యం ఎంతో డాక్టర్లు తేల్చే సదరం క్యాంపుకు తీసుకుపోయాను. రెండేళ్లుగా లిడియా సిస్టర్ ఇంటికొచ్చి కాళ్లకు కసరత్తు నేర్పుతోంది కదా, అప్పటికి కర్ర పట్టుకుని వాకిట్లో నాలుగడుగులు వేస్తుండేవాడు. డాక్టర్ "నడుస్తవా?" అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే ఆయన కర్ర నా చేతికిచ్చి, గోడ కూడా పట్టకుండా పది అడుగులు వేశాడు. చెమటలు కారుతున్నా నా వైపు చూసి నవ్వాడు. పడ్డప్పటి నుంచి ఆ నవ్వు నేను చూడలేదు.

తర్వాత కాగితం వచ్చింది. వైకల్యం ముప్పై శాతమే. నలభై లేనిదే పెన్షన్ లేదు.

ఎవరికీ చెప్పని సంగతి నీకు చెబుతున్నాను. ఆ రోజు బీడీల చాట విసిరేసి, "గంత నడిచేటోనివైతే పోయి చెట్టెక్కు. నీ పది అడుగులు మా నోట్ల మన్ను గొట్టినయ్" అన్నాను. ఆయన మంచమెక్కాడు. అప్పటి నుంచి కాలు కింద పెట్టడం లేదు. లిడియా వస్తే గోడవైపు తిరుగుతాడు. అలిగాడనుకుంటున్నాను. అలక తీరేదాకా చూస్తాను, ఏం చేయను.

నీ చెల్లె
బాలలక్ష్మి


బెజ్జంకి,
ఫిబ్రవరి 3

అక్కా,

పెన్షన్ మళ్లీ మంజూరైంది.

అప్పీలు పెడితే జనవరిలో పిలిచారు. ఆటోలోంచి ఇద్దరు ఎత్తి దించారు. డాక్టర్ లేవమంటే ఆయన బల్ల అంచు పట్టుకుని లేవబోయి కూలబడ్డాడు. ఎనభై శాతం రాశారు. నటించాడనుకున్నానక్కా. బయటికొచ్చాక చెవిలో "మంచిగ చేసినవ్" అని కూడా అన్నాను.

ఇంటికొచ్చి తలుపేసి, "ఇగ లెవ్వు, ఎవ్వలు చూస్తలేరు" అన్నాను.

"లేవస్తలేదే" అన్నాడు.

"ఎందుకొస్తలేదు?"

"మల్ల నడుస్తనేమో, మల్ల పెన్షన్ తీసేస్తరేమోనని కాలు కింద పెట్టలే. ముందుగాల లెవ్వబుద్ధయ్యేది, ఆపుకున్న. దసరా దాటినంక లెవ్వాల్నన్నా కాళ్లు ఇనలే."

మర్నాడు లిడియా వచ్చి ఆయన పిక్కలు నొక్కి చూసింది. "కండ కరిగిపోయిందక్కా. మోకాళ్లు బిగుసుకున్నయ్. ఇప్పుడు ఎంత చేసినా మునుపటంత రాదు" అంది. నా ముఖం చూడలేక సంచి సర్దుకుని వెళ్లిపోయింది.

నిన్న పెన్షన్ ఇచ్చేటాయన ఇంటికే వచ్చి వేలిముద్ర తీసుకుని డబ్బిచ్చాడు. అతను పోయాక నీ మరిది ఆ నోట్లు నా చేతిలో పెట్టి, "నీ కోపం పోయిందా?" అని అడిగాడు.

అలిగింది ఆయన అనుకున్నాను నేను. నా కోపం పోవాలని ఇన్ని నెలలు పడుకుని ఉన్నాడు. మంచం మీద కూర్చుని ఆయన కాళ్లు ఒళ్లోకి తీసుకున్నాను. చాపబోయినా అవి సాగడం లేదక్కా.

నీ బాలలక్ష్మి