సింగపూర్ నుంచి నాలుగు గంటలే

షాహిదా,

మీ చిన్నాయన సుభానికి ఇన్నాళ్లకు విమానంలో చోటు దొరికింది. ఈ పొద్దు సింగపూర్ నుంచి వచ్చి మద్రాసులో దిగి, రైలెక్కుతున్నాడు. నేను వాణ్ణి తీసుకురావడానికి తడ స్టేషనుకు పోతున్నా. ఈ చీటీ అమ్మకు చదివి వినిపించు. ముందు గది కడిగి మంచం వెయ్యండి. రొయ్యల ఇగురు చెయ్యండి, వాడికి కారం తగ్గించండి.

మీ దాదీ పోయిన దినం వాడేం తంతి ఇచ్చినాడు? పద్దెనిమిది వందల మైళ్లయినా విమానంలో నాలుగు గంటలే, నేనొచ్చేదాకా మట్టి చెయ్యొద్దన్నాడు. మధ్యాహ్నం నమాజుకే సాగనంపాల్సిన తల్లిని పొద్దుగూకేదాకా ఇంట్లోనే పెట్టుకున్నా. "ఏందిరా దరియావలీ, ఇంకెంతసేపు?" అని పెద్దలు నలుగురిలో నన్ను నిలదీసినారు. వాడు రాలేదు. వాడి వంతు మూడు పిడికెళ్ల మట్టి కూడా గోరీలో నేనే వేసినా. టికెట్టు దొరకలేదని తర్వాత జాబు రాసినాడు.

తన వాటా పొలం పరాయివాళ్లకు అమ్ముకోవడానికి మాత్రం టికెట్టు దొరికింది. రేపు సూళ్లూరుపేటలో రిజిస్ట్రీ. అన్నం దగ్గర వాణ్ణి ఎవరూ ఏమీ అనొద్దు.

అమ్మ అడుగుతుంది, చెప్పు. నేను దున్నుకుంటున్న రెండెకరాల ఇరవై సెంట్లలో మన చెయ్యి జారేది ఎకరా పది సెంట్లు.