సాళ్ళ మధ్య ఖాళీ

వ్యవసాయాధికారి గెబెయెహు గారికి,

శుక్రవారం మీరు రైతులను వెంటబెట్టుకుని మా టెఫ్ చేను చూడటానికి వస్తున్నారట. ముందే ఒక మాట చెప్పాలి. అక్కడ మీకు సాళ్ళు కనిపించవు.

మీరు చెప్పినట్టే పశువులతో నేల తొక్కించి, విత్తనం వెదజల్లకుండా తాడు పట్టి సాళ్ళలోనే వేశాను. మీరిచ్చిన విత్తనంలో సగమే సరిపోయింది. అప్పుడు మామయ్య తన కూతురింట్లో ఉన్నారు. ఆయన తిరిగొచ్చేసరికి మొలకలొచ్చాయి. "మీ కోడలు చేనుకి పాపిళ్ళు తీసిందే" అని దారిన పోయేవాళ్ళు నవ్వారట.

నేను సంత నుంచి వచ్చేసరికి ఆయన బురద కాళ్ళతో గుమ్మంలో కూర్చుని ఉన్నారు.

"నడుం నొప్పెట్టి మధ్యమధ్యలో వదిలేశావేమోనమ్మా. ఇంట్లో మిగిలిన విత్తనం చల్లి ఖాళీలన్నీ నింపేశాలే. ఇక ఎవరూ నవ్వరు" అన్నారు.

డెబ్బై ఏళ్ళ మనిషి నా పరువు కాపాడానని మురిసిపోతుంటే, అసలు సంగతి చెప్పడానికి నాకు నోరు రాలేదు. మీరూ ఆయన ముందు ఏమీ అనకండి. మీ కోసం కాఫీ గింజలు స్వయంగా ఏరి పెట్టారు. పద్ధతిలో తప్పు లేదని రైతులకు మాత్రం పక్కకు పిలిచి చెప్పండి.

వచ్చే ఏడూ సాళ్ళలోనే వేస్తాను. విత్తనం మాత్రం సగమే ఇవ్వండి. ఇంట్లో మిగిలితే మామయ్య చూస్తూ ఊరుకోరు.